చిలకపచ్చ అర్ర

2025 మే 4, ఆదివారం

పెళ్లి ఖాయమైంది. నాది. పెళ్లికొడుకు కుమార్ బావ, అంటే మా రూపక్క మొగుడు. అక్క పోయి రెండేళ్లు దాటింది. డెంగ్యూ. అక్క బిడ్డ చిట్టికి ఇప్పుడు నాలుగేళ్లు. అక్క పోయినప్పటి నుంచి మా దగ్గరే, స్టేషన్ ఘన్‌పూర్‌లోనే పెరుగుతోంది. బావది మరిపెడ. ఆదివారం వచ్చి బిడ్డను చూసి పోతాడు.

ముహూర్తం జూన్ 8. అది దాటితే మూఢమట, వెంటనే ఆషాఢమట. శ్రావణం దాకా పెళ్లిళ్లు లేవట.

బాపు ఇంటికి రంగులు వేయిస్తానన్నాడు. పెళ్లంటే ముందు ఇంటికి రంగులు పడాలి, ముందుగోడ మీద ఇద్దరి పేర్లూ రాయించాలి. అది లేకపోతే మా దగ్గర పెళ్లి ఇల్లే కాదు. ఏ రంగో నువ్వే చెప్పు బిడ్డా, నీ ఇష్టమే మా ఇష్టం అన్నాడు.

రంగు అడిగారు. మనిషి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

మే 6

మా ఇల్లు చూసి నవ్వనివాళ్లు లేరు. హాలు గులాబి, పెద్ద అర్ర చిలకపచ్చ, చిన్న అర్ర నారింజ, వంటిల్లు ఆకాశం రంగు. ఆరేళ్ల కింద తన పెళ్లికి అక్కే ఎంచింది. గిది ఇల్లా బతుకమ్మనా అని బాపు నెత్తి కొట్టుకున్నాడు. ఇంక మంచిదే కదా బాపూ, ఏడాదంత పండుగే అన్నది అక్క.

చిట్టి అర్రలను రంగులతోనే పిలుస్తుంది. గులాబిల టీవీ చూస్త, పచ్చల పండుకుంట అంటుంది. వాళ్లమ్మ నేర్పిన మాటలు. అమ్మ మొహం మర్చిపోయింది, ఇవి మర్చిపోలేదు.

మే 9, శుక్రవారం

జనగామలో నేను పనిచేసే దవాఖాన పక్కనే రంగుల దుకాణం ఉంది. ల్యాబ్ డ్యూటీ అయ్యాక వెళ్లాను. ఓనర్ గోవర్ధన్ సేటు పెద్ద క్లాసే పీకాడు. ఇల్లంతా ఒక కుటుంబంలా ఉండాలట. ఒక బేస్ కలర్ పట్టుకుని అన్ని అర్రలకూ అదే వేయాలట. మరీ బోరు కొడితే ఒక్కో అర్రలో ఒక్క గోడకు దాని చుట్టాల రంగేదో కాస్త ముదురుగా. తలుపులన్నీ ఒకటే. సీలింగ్ తెలుపు. హాల్ల నిలబడితే వంటింటి దాక చూపు పోవాలె, నడుమ కంటికి ఏదీ తట్టొద్దమ్మా అన్నాడు.

ఐవరీ చూపించాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే నచ్చలేదు.

మే 13

ఏదీ నచ్చలేదని చెప్పాను.

మే 17

ఇక్కడైనా నిజం రాసుకుంటాను. రంగు తేలకపోతే పని మొదలవదు. పని కాకపోతే ముహూర్తం దాటిపోతుంది. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. అందుకే గోడ మీద శాంపిల్స్ వేయిస్తున్నాను. లావెండర్ చల్లగా ఉందన్నాను. పీచ్ వేడిగా ఉందన్నాను. యూట్యూబ్‌లో అండర్‌టోన్ అనే మాట దొరికితే దానితో ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చాను. బాపు నోరు తెరుచుకుని విన్నాడు. మా మనీషాకు మస్తు తెలుసు అని పక్కింట్లో చెప్పుకున్నాడు. సిగ్గేసింది.

బావ చెడ్డవాడైతే ఎంత సులువు. మంచివాడు. అక్క పెళ్లిలో ఆయన ఛాయ్‌లో ఉప్పు కలిపింది నేనే. మొహం మారకుండా గ్లాసంతా తాగి, బాగుంది మరదలా, ఇంకో గిలాస తే అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లు మేం ఒకరినొకరు ఏడిపించుకోని రోజు లేదు. ఇప్పుడు ఫోన్‌లో ఇద్దరికీ దగ్గొస్తుంది. చిట్టి తిన్నదా అంటాడు. తిన్నది అంటాను.

మే 21, పొద్దున

అమ్మ పట్టేసింది. పొయ్యి మీది గిన్నె దించుతూ, రంగు నచ్చక కాదు, నాకు తెల్వదనుకుంటున్నవా అన్నది. నేను మసిబట్ట అందించాను. మీ బావ ఎన్నొద్దులని ఒక్కడే ఉంటడు, ఏదో ఒకనాడు ఇంకోదాన్ని చేసుకుంటడు, అచ్చినామె చిట్టి నెత్తికి నూనె పెడ్తదో పెట్టదో, నా బిడ్డ బిడ్డను ఎవలి చేతుల పెట్టమంటవో నువ్వే చెప్పు అన్నది.

అరిచి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. అమ్మ బతిమాలింది.

మే 21, సాయంత్రం

ఐవరీ.

మే 26

లింగ్యా అన్న వచ్చాడు. గోడల మీద పేర్లు రాయడంలో చేయి తిరిగినవాడు. అక్క పెళ్లికి రాసిందీ ఆయనే. వానలు దగ్గరపడ్డాయని బయటి నుంచి మొదలుపెట్టాడు. లోపలికి వేయాల్సిన డబ్బాలన్నీ మెట్ల కింద పేర్చాడు.

ముందుగోడ మీద అక్క పెళ్లి ఇంకా ఉంది. చి.ల.సౌ. రూప, చి. కుమార్. అటో చిలక, ఇటో చిలక, నడుమ కలశం. పెళ్లి రాతను మా వైపు ఎవరూ తుడవరు. వానకు వెలిస్తే వెలవాలి, లేదా ఆ ఇంట్లో ఇంకో పెళ్లి రావాలి.

మే 29

ముందుగోడకు రెండు పూతలు పడ్డాయి. ఆరేసరికి అక్షరాలు మళ్లీ తేలాయి. చిట్టి వేలు చూపించి అగో మా అమ్మ అన్నది. దానికింకా చదవడం రాదు. ఎడమ చిలక పక్కన మీ అమ్మ ఉంది అని నేనే నేర్పాను.

మే 31

కిటికీలోంచి విన్నాను. లింగ్యా అన్న బాపుతో అంటున్నాడు. పాతది ఆయిల్ పెయింటు, గీకినా పోతలేదు, అయినా పిలగాని పేరు గదే కదనే, దాన్ని అట్లనే ఉంచి మీదికెళ్లి దిద్దుత, పిల్ల పేరు ఒక్కటి మారిస్తె అయిపాయె అన్నాడు. బాపు గట్లనే కానియ్యి అన్నాడు.

బాపు మనసులో చెడు లేదు. పని సులువు చూశాడు, అంతే. నేను మాత్రం కిటికీ కిందే కూలబడ్డాను. అక్క పేరు గీకి ఆ జాగాలో నన్ను నింపుతారు. మరిపెడ ఇంట్లోనూ అంతే. అక్క బీరువా, అక్క మంచం, అక్క మొగుడు. ఎక్కడా కంటికి తట్టదు. అక్క చనిపోయిన రోజు కూడా నేను ఇంత ఏడవలేదు.

జూన్ 1, ఆదివారం, పొద్దున

బాపు, అమ్మ పెళ్లి బట్టలకు వరంగల్ పోయారు. లింగ్యా అన్నకు ఛాయ్ ఇచ్చి, ఉన్నది ఉన్నట్టే దిద్దమని చెప్పాను. రెండు పేర్లూ. ఆయన బ్రష్ పట్టుకుని నా మొహం చూశాడు. బాపుకు ఎరుకేనా చెల్లె అన్నాడు. అయితది అన్నాను.

అక్క పేరుకు ఎరుపే వేయమన్నాను.

సాయంత్రం

బాపు గేటు దగ్గరే ఆగిపోయాడు. అమ్మ గోడ ముందు కూలబడి, నా రూపా, నా బిడ్డా అని శోకం పెట్టింది. నాకు ఈ పెళ్లి వద్దు బాపూ, బావను బావ లెక్కనే చూసిన అన్నాను. ఒక్కసారి నన్ను అడిగితే బాగుండు అని కూడా అన్నాను. తిడతాడనుకున్నాను. బట్టల కవర్లు కింద పెట్టకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు.

జూన్ 2

బాపు ఫోన్ చేస్తే బావ వచ్చాడు. బండి దిగకుండానే గోడను చాలాసేపు చూశాడు. నేను సుత చెప్పలేకపోయిన, చిట్టి కోసమని తలకాయ ఊపిన, నిన్ను చూస్తే గామెనే యాదికొస్తది మరదలా అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. మరదలా అని పిలిచి ఎన్నాళ్లయిందో. నా బావ నాకు తిరిగొచ్చాడనిపించింది.

జూన్ 15

బావతో పాటు ఆయన తల్లి ఉప్పలమ్మ అత్త వచ్చింది. శ్రావణంలో ముహూర్తానికి వేరే సంబంధం చూశారట. అచ్చే పిల్లకు, చిట్టికి ఇప్పటిసంది అలవాటు కావాలె, బడి సుత మరిపెడలనే ఏస్తం అన్నది. మర్యాదగానే అన్నది. ఏమని కాదంటాం? బావ తలెత్తలేదు.

జూన్ 16

చిట్టిని తీసుకుపోయారు. బట్టలు నేనే సర్దాను. నూనె సీసా కూడా పెట్టాను.

నేను జెప్పలే అని అమ్మ ఒక్క మాట అంటే బాగుండేది. అనలేదు. చేసుకుని ఉంటే చిట్టి నా పక్కనే పడుకునేది. మళ్లీ అడిగినా చేసుకోననే అంటాను. మళ్లీ ఇట్లాగే ఏడుస్తాను. ఈ రెంటికీ నడుమ ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

జూన్ 24

లోపల ఐవరీ వేయిద్దామా బిడ్డా అని బాపు అడిగాడు. ఈసారి నిజంగానే అడిగాడు. వద్దన్నాను. డబ్బాలు మెట్ల కిందే ఉన్నాయి.

జూలై 2

చిట్టి ఫోన్ చేసింది. కొత్త అమ్మ వస్తుందని ఆ ఇంటికీ రంగులు వేశారట. అన్ని అర్రలు ఒక్కతీరే ఉన్నయ్ చిన్నమ్మా, నేను ఏ రంగుల పండుకోవాలె అని అడిగింది.