సాలిత్రే పొడిలో చివరి అంకె

నగ్సబరన్,
1962 మార్చి 5

అపో సెవెరినో అర్జాడోన్ గారికి,

విగన్‌లో మందులూ రసాయనాలూ అమ్మే తమకు, లొంగనీసా చేసి బతికే ఎవుస్తాకియా తబియోస్ వందనాలు. నేను మీకు తెలియను. మా ఆయన గోర్గోనియో తెలుసు. ఆయన పోయిన నెల ఇరవై నాలుగున గుండె ఆగి పోయాడు. తొమ్మిది రోజుల ప్రార్థనలు నిన్నటితో ముగిశాయి.

ముప్ఫై నాలుగేళ్ళుగా మాంసం తరగడం, వెల్లుల్లి దంచడం, పేగుల్లో కూరి దారం కట్టడం నా పని. ఉప్పు కలిపేది మాత్రం ఆయనే. దాంతోపాటు మీ కొట్టునుంచి తెచ్చిన తెల్లపొడి కూడా వేసేవాడు. మేం సాలిత్రే అంటాం. అది పడకపోతే మాంసం ఎర్రబడదు, నిలవ ఉండదు. రెండు పెళ్ళిళ్ళకు మాట ఇచ్చి ఉన్నాం. ఒక కిలో పంపించండి. మధ్యాహ్నం బస్సు కండక్టరు ఇస్కో ఉత్తరాలూ పొట్లాలూ జాగ్రత్తగా తెచ్చి ఇస్తాడు.

ఇట్లు, మీ దయ కోరే
ఎవుస్తాకియా

తా.క. పొడి ఎంత వేయాలో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నా వంటలో ఏం తక్కువైందో మాత్రం రోజూ చెప్పేవాడు. ఆయన పిడికిలి ఎంతో నాకు గుర్తుంది, ఆ కొలత చాలు.


విగన్,
మార్చి 6

గౌరవనీయులైన మనాంగ్ ఎవుస్తాకియాకు,

మీవారి మరణానికి మనసారా విచారిస్తున్నాను. ఇక వ్యాపారం.

సాలిత్రే అన్నది పేరు కాదు, ముద్దుపేరు. మీ ఊరి సంతలో నిలబడి 'మనోంగ్', అంటే 'అన్నా' అని పిలిస్తే ఎంతమంది తల తిప్పుతారో, నా కొట్టులో సాలిత్రే అంటే అన్ని సీసాలు తల తిప్పుతాయి. పొటాషియం నైట్రేట్ ఉంది, సోడియం నైట్రేట్ ఉంది, కాల్షియం నైట్రేట్ ఉంది. మీవారు ఎప్పుడూ ఫార్ములా రాసిన చీటీయే చూపించేవారు. అది పంపండి.

ఇందులో కష్టమేమీ లేదు. లవణమంటే రెండు అయాన్ల కాపురం. సోడియం తన దగ్గరున్న ఎలక్ట్రాన్ ఒకటి ఇచ్చేసి ధన అయాన్ అవుతుంది. నైట్రేట్ ఒకటి ఎక్కువ దాచుకున్న రుణ అయాన్. ఇచ్చినవాడి పేరు ముందు, పుచ్చుకున్నదాని పేరు తరువాత. లెక్క సరిపోవాలి, అంతే. కాల్షియం రెండు ఇస్తాడు కనుక అతనికి ఇద్దరు నైట్రేట్లు కావాలి. ఆ ఇద్దరినీ బ్రాకెట్లో కూర్చోబెట్టి బయట చిన్న 2 వేస్తాం. పేరు చివర కూడా చూసుకోవాలి. క్లోరైడ్ లాగా 'ఐడ్' అని ముగిస్తే సాధారణంగా ఆక్సిజన్ ఉండదు. 'ఐట్' అంటే ఆక్సిజన్ కాస్త తక్కువ, 'ఏట్' అంటే కాస్త ఎక్కువ.

ఒక మనవి. ఇరవై ఏళ్ళుగా నాదొక పద్ధతి. సంతకం వరకే చదువుతాను. దాని కింద రాసేవి కబుర్లు, వాటికి నాకు తీరిక లేదు.

భవదీయుడు,
సెవెరినో అర్జాడోన్


నగ్సబరన్,
మార్చి 8

అపో అర్జాడోన్ గారికి,

మీ ఉత్తరం మా ఆడబిడ్డ ఎపిఫానియాకు చదివి వినిపించాను. కాల్షియం సంగతి రాగానే ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. ఇద్దరిని కట్టుకోవడమే తప్పు, పైగా వాళ్ళను బ్రాకెట్లో పెట్టి తలుపు బయట అంకె రాయడమేమిటని అడుగుతోంది. మాకు ఆ ఇంటి సరుకు వద్దు. ఉన్నదంతా ఇచ్చేసే ఆ సోడియం అబ్బాయిదే పంపండి.

చీటీ దొరికింది. వెనిగర్ జాడీ మూతకు లోపలివైపు అంటించి ఉంది. దానిమీద ఉన్నది NaNO₂.

ఇట్లు,
ఎవుస్తాకియా

తా.క. చివరి అంకె సగం వెనిగర్ తినేసింది. అది 2 కావచ్చు, 3 కావచ్చు. తక్కువ అంకె వేస్తే ఎవరికీ చెరుపు ఉండదు కదా అని 2 రాశాను. మీరు చూసుకుని సరిదిద్దుతారుగా.


విగన్,
మార్చి 9

మనాంగ్ ఎవుస్తాకియాకు,

NaNO₂, అంటే సోడియం నైట్రైట్, ఒక కిలో ఇస్కో చేతికి ఇచ్చాను. మాంసం ఊరబెట్టేవాళ్ళు దీన్నీ వాడతారు. ఫార్ములా ఇంత శుభ్రంగా రాసే ఖాతాదారులు నాకు అరుదు.

కాల్షియం ఎవరినీ కట్టుకోలేదు. అది నేను చెప్పిన ఉపమానం. మీ ఆడబిడ్డగారిని శాంతించమనండి.

భవదీయుడు,
సెవెరినో అర్జాడోన్


నగ్సబరన్,
మార్చి 15

అపో అర్జాడోన్ గారికి,

మీ పొడి చాలా మంచిది. లొంగనీసా ఇంత ఎర్రగా ఎప్పుడూ రాలేదు. ఎండకు వేలాడదీస్తే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

కాని వేరే కష్టం వచ్చింది. మీరు చదువుకున్నవారు కాబట్టి మీకే రాస్తున్నాను. సోమవారం మధ్యాహ్నం మా ఆయనకు అతాంగ్ పెట్టాం. పోయినవాళ్ళకు పళ్ళెంలో అన్నం, ఇష్టమైనవి పెట్టి, వాళ్ళు తిన్నాక మిగిలింది మనం తింటాం కదా, అలాగే. ఎపిఫానియా నాలుగు లొంగనీసాలు తింది. గంట తిరక్కుండా నడుం వాల్చిన మనిషి లేచి తల తిరుగుతోందంది. చూస్తే పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్ళు కూడా. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు మా ఆయన పెదవులు అదే రంగులో ఉన్నాయి. మెట్ల కింద ఎవరో నిలబడి ఉన్నారని చెయ్యి చాపింది. నేను చూస్తే ఎవరూ లేరు.

మర్నాటికి తేరుకుంది. సాయంత్రం మళ్ళీ అతాంగ్ అన్నం తిన్నాక మళ్ళీ అదే రంగు. బుధవారం పొరుగింటి దియోనిసియోకు వచ్చింది. ఇవాళ ఆయన భార్యకు. వీళ్ళంతా ప్రార్థనలకు వచ్చినవాళ్ళే. గోర్గోనియో తనతో తీసుకుపోయేవాళ్ళకు గుర్తు వేసుకుంటున్నాడని ఊరంతా అంటున్నారు. చర్చి గంట మోగినప్పుడు జనం ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటున్నారు.

అలాంటివాళ్ళను పంపించేసే పొడి ఏదైనా మీ దగ్గర ఉందా? మరీ ఘాటైనది వద్దు. ఎంతైనా మొగుడు.

ఇట్లు,
ఎవుస్తాకియా

తా.క. మంత్రగత్తె వచ్చి ఎపిఫానియా వేలు గుచ్చింది. రక్తం ఎర్రగా రాలేదు. కప్పులో పోసిన చాక్లెట్ పానీయంలా గోధుమరంగులో వచ్చింది. మంత్రగత్తె తన చీపురు కూడా మరిచి వెళ్ళిపోయింది.


విగన్,
మార్చి 16

మనాంగ్ ఎవుస్తాకియాకు,

దెయ్యాలను పంపించే లవణం లేదు. ఉంటే మొదట మా అత్తగారి ఇంట్లో చల్లేవాణ్ణి.

పెదవులు నీలంగా మారడానికి కారణం నాకు తెలిసిపోయింది. మీరు రాగి గిన్నెల్లో వెనిగర్ పోస్తున్నారు. వెనిగర్ తగిలితే రాగి రెండు ఎలక్ట్రాన్లు వదిలి Cu²⁺ అవుతుంది. దాని లవణాలు నీలంగా, ఆకుపచ్చగా ఉంటాయి. ఆ రంగే పెదవులకు అంటుతోంది. గిన్నెలు బూడిదతో తోమండి. భయపడకుండా భోజనం చేయండి.

భవదీయుడు,
సెవెరినో అర్జాడోన్


నగ్సబరన్,
మార్చి 17, ఉదయం

అపో అర్జాడోన్ గారికి,

మా ఇంట్లో ఉన్నవి మట్టి జాడీలు. అయినా తోమాం. పొరుగిళ్ళవాళ్ళవి కూడా తోమాం.

మీరు చెప్పారని అందరూ భయం లేకుండా తిన్నారు. గోర్గోనియో కోపం చల్లారుతుందని ఆయనకు ఇష్టమైన లొంగనీసా పళ్ళెంలో రెట్టింపు పెట్టాం. ఇప్పుడు ఐదుగురు నీలంగా ఉన్నారు. ఎపిఫానియా రాత్రి పడుకున్నది ఇంకా లేవలేదు. పిలిస్తే కళ్ళు తెరుస్తుంది, కాని నన్ను చూడదు, నా భుజం వెనక చూస్తుంది. 'వస్తున్నా, కాస్త ఆగు' అంటుంది. నాతో కాదు.

రక్తం గురించి అడిగితే మీరు జవాబు రాయలేదు. సంతకం కింద రాయడం నాదే తప్పు. ఈసారి పైనే రాస్తున్నాను. వాళ్ళ రక్తం గోధుమరంగులో ఉంది. ఎందుకో చెప్పండి.

ఇట్లు,
ఎవుస్తాకియా


విగన్,
మార్చి 17, పది గంటలు

మనాంగ్,

ఇస్కో బస్సు ఆపి ఇది రాస్తున్నాను. ఆ లొంగనీసా ఇంకెవరూ ముట్టుకోకూడదు. పళ్ళెంలోది, దండేనికి వేలాడేది, అమ్మింది, అంతా వెనక్కి తెప్పించి గొయ్యి తీసి పాతిపెట్టండి. కుక్కలకు కూడా వేయకండి. నీలంగా ఉన్నవాళ్ళను ఇదే బస్సులో ఎక్కించి జిల్లా ఆసుపత్రికి తీసుకురండి. డాక్టరుతో దెయ్యం అనకండి, నైట్రైట్ అనండి. నేను ముందుగా వెళ్ళి చెప్పి ఉంచుతాను.

మీ ఉత్తరాలు మళ్ళీ తీశాను. మొదటిసారి సంతకాల కింద చదివాను. పాత ఖాతా పుస్తకం కూడా తిరగేశాను. మీవారు ముప్ఫై ఏళ్ళు కొన్నది NaNO₃, నైట్రేట్. నేను పంపింది నైట్రైట్. ఒక ఆక్సిజన్ తక్కువ. తక్కువ కాబట్టి మెతకది అనుకున్నారు మీరు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కాని అది రక్తంలోకి పోయి గాలిని మోసే ఇనుమును మార్చేస్తుంది. Fe²⁺ కాస్తా Fe³⁺ అవుతుంది. అప్పుడు మనిషి గాలి పీలుస్తూనే ఊపిరాడక పోతాడు. చిటికెడు వేయాల్సినదాన్ని మీరు మీవారి పిడికిలితో కొలిచారు. ఆ అంకె సరిదిద్దమని మీరు నన్ను అడిగారు. నేను చదవలేదు.

సెవెరినో

తా.క. నేను ఆసుపత్రి మెట్లమీద నిలబడి ఉంటాను. నన్ను తిట్టే పని తరువాత పెట్టుకోండి, ముందు వాళ్ళను లోపలికి తీసుకురండి.


నగ్సబరన్,
ఏప్రిల్ 2

సెవెరినో గారికి,

అందరూ ఇంటికి చేరారు. దియోనిసియో నిన్న పొలానికి వెళ్ళాడు. ఎపిఫానియా కర్ర పట్టుకుని నడుస్తోంది, కర్రతో నన్ను పొడుస్తోంది కూడా, కాబట్టి బాగానే ఉంది. నీలంగా మారిన మనుషులకు డాక్టరు నీలం మందే సూదిలో ఎక్కించాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. తరువాత రెండు రోజులు ఐదుగురూ ఒంటేలు ఆకుపచ్చగా పోశారు. అది చూసి గోర్గోనియో ఆ దారిన వెళ్ళిపోయాడని ఊళ్ళో తీర్మానించారు. ఆయనకు అంత మర్యాద తక్కువ దారి పట్టిందని నాకు కొంచెం బాధగా ఉంది.

మీరు ఆ మూడు రోజులూ ఆసుపత్రి బెంచీమీద కూర్చోవడం చూశాను. ఎపిఫానియా కాళ్ళ దగ్గర మీరు ఏడవడమూ చూశాను. క్షమించమని తరువాత చీటీ కూడా రాసి పంపారు. క్షమించడానికి నేనెవరిని? పిడికిలి నాది. పెళ్ళిళ్ళకు ఈసారి చేపలు వండుకోమని చెప్పాను.

ఒక మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎపిఫానియా మెట్ల కింద మనిషిని చూసింది, దియోనిసియో పెరట్లో చూశాడు. ఊపిరాడని మెదడు అలాంటివి చూపిస్తుందని డాక్టరు చెప్పాడు. వాళ్ళకు ఆ మాట చాలింది. తిన్నారు కాబట్టి చూశారు.

నేను తినలేదు, సెవెరినో గారూ. ఆయన పోయిన రోజునుంచి మాంసం నా గొంతు దిగలేదు. అన్నం, ఉప్పు, మునగాకు చారు, అంతే. ఆసుపత్రిలో నా రక్తం కూడా తీసి చూశారు. ఎర్రగా ఉంది.

పోయిన నెల పదమూడో తారీఖు మధ్యాహ్నం నేను అరుగుమీద కూర్చుని లొంగనీసాలకు దారం కడుతున్నాను. రెండో చివర ఎవరో పట్టుకుని బిగువుగా ఉంచారు. ఆయన రోజూ అలాగే పట్టుకునేవాడు కాబట్టి నేను తలెత్తలేదు. పదకొండు ముడులు వేశాను. 'అది వదులుగా ఉంది, మళ్ళీ కట్టు' అన్నాడు. విప్పి మళ్ళీ కట్టాను. విసుక్కున్నాను కూడా. తరువాత గుర్తొచ్చి తలెత్తాను. దారం ఇంకా గాలిలో బిగువుగానే ఉంది. నేను చూస్తూ ఉండగా మెల్లగా కిందికి వాలింది.

పాతిపెట్టిన వాటిలో ఆ దండ లేదు. దాన్ని అటకమీద దాచాను. ఎవరూ తినరు, మీరు భయపడకండి.

దీనికి మీ పుస్తకాల్లో ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. నాకు రాయకండి.

ఇట్లు,
గోర్గోనియో భార్య
ఎవుస్తాకియా