ఆఖరి ఫారంలో కోడిపెట్ట

ఆల్డర్ ఫాల్స్, మిన్నెసోటా
జనవరి, 1936

చికాగోలోని పెంబర్‌విక్ ప్రచురణాలయం పెద్దలకు, ముఖపరిచయం లేకపోయినా చనువు తీసుకుని హుల్డా క్విస్టాడ్ రాసేది.

అయ్యా, మీరు అచ్చేసిన లియాండర్ క్రాట్ గారి 'ఎర్రటోపీ ఆవిడ' నిన్ననే పూర్తిచేశాం. నేను పైకి చదువుతుంటే మా ఆయన నిల్స్ వింటాడు. క్రాట్ గారి హంతకుడు ఆఖరి పేజీ దాకా మొహం చూపించకపోవడం మాకు అలవాటే. కిందటి పుస్తకంలో ఎవడో బ్రెజిల్ నుంచి ఓడ దిగి, నేరం ఒప్పేసుకుని, అదే ఓడెక్కి వెళ్లిపోయాడు.

కానీ ఈసారి! గదికి లోపల గడియ. కిటికీ జానెడే తెరిచి ఉంది. బ్యాంకరు ఆగ్డెన్ బోర్లా పడి ఉన్నాడు. నేల మీద మొక్కజొన్న గింజలు. ఎర్రటోపీ ఆవిడెవరో పారిపోవడం వంటమనిషి చూసింది. డిటెక్టివ్ ఫిచ్ ఒక గింజని భూతద్దంలో చూసి, ఎప్పటిలాగే "ఇందులో ఏదో ఉంది, లేకపోతే ఏమీ లేదు" అన్నాడు. అప్పటికీ మాకు తట్టలేదు. అంత మనిషి జానెడు కిటికీలోంచి ఎలా దూరిందా అని జుట్టు పీక్కున్నాం. పేజీ తిప్పానో లేదో, కోడిపెట్ట! ఎర్రటోపీ అంటే దాని నెత్తి మీది ఎర్రజుట్టు!

"పెట్ట గురక పెడుతుంటే ఆలస్యం చేయక, మిగతావాటి నుంచి వేరుచేసి బంధించాలి" అని చదవగానే మా నిల్స్ "పట్టుకున్నార్రా దొంగముండని!" అంటూ కుర్చీలోంచి లేవబోయాడు. ఇంత మంచి ముగింపు క్రాట్ గారు జన్మలో రాయలేదు. ఆ మాట ఆయనకి చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు హుల్డా

తా.క.: చిన్న సందేహం. పట్టుకున్నాక ఆ పెట్టకి చెంచాడు ఆముదం ఎందుకు పోశారు? చికాగో పోలీసుల పద్ధతా?

~

చికాగో
ఫిబ్రవరి

గౌరవనీయులైన క్విస్టాడ్ అమ్మగారికి, ఫిర్యాదుల విభాగం గుమాస్తా ఎల్‌వుడ్ స్ప్రాట్లింగ్ వినయంగా రాయునది.

మా సంస్థలో మెచ్చుకోళ్ల విభాగమంటూ లేదు. ఇంతవరకూ అవసరం పడలేదు. అందుకని మీ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. ఇందులో ఏదో ఉంది. లేకపోతే ఏమీ లేదు అనుకుంటూ కింద బైండింగు వాళ్ల దగ్గరికి వెళ్లాను. ఉంది.

అమ్మా, మీ ప్రతిలో ఆఖరి ఫారం మారిపోయింది. ఒక్క కాగితం మడతలో వచ్చే పదహారు పేజీలని మేం ఫారం అంటాం. 'ఎర్రటోపీ ఆవిడ' చివరి ఫారం ఉండాల్సిన చోట మా వాళ్లు 'పెరటి కోళ్లు, వాటి జబ్బులు' పుస్తకం చివరి ఫారం కుట్టేశారు. ఆ కోడికీ ఆగ్డెన్ చావుకీ ఏ సంబంధమూ లేదు. దానికి పడిశం పట్టింది, అంతే.

అసలు ఫారం జతచేస్తున్నాను. హంతకుడు ఆగ్డెన్ కవల సోదరుడు. అసౌకర్యానికి క్షమించండి.

ఇట్లు,
విధేయుడు ఎల్‌వుడ్ స్ప్రాట్లింగ్

తా.క.: ఆ కోళ్ల పుస్తకం కొన్న అయోవా రైతొకాయన మా మీద నిప్పులు చెరుగుతున్నాడు. కోడి తూలుతుంటే ఏం చేయాలో చూడబోతే "దాని కవల సోదరుణ్ణి వెతికి సంకెళ్లు వేయండి" అని ఉందట. పాపం, వెతికాడట కూడా.

~

ఆల్డర్ ఫాల్స్
ఫిబ్రవరి

స్ప్రాట్లింగ్ గారికి, కోపంగా ఉన్నా మర్యాద మరిచిపోని హుల్డా రాసేది.

మీ అసలు ముగింపు చదివాం. ఎవరికీ మింగుడుపడలేదు. కవల సోదరుడా! పుస్తకమంతా ఎక్కడ దాక్కున్నాడండీ? కోడి అయితే ఏ పెరట్లోనో ఉండి ఉంటుందని నమ్మొచ్చు.

మీ పుణ్యమా అని మా ఊరు రెండుగా చీలింది. చర్చి నేలమాళిగలో కాఫీ తాగేటప్పుడు కోడి పార్టీ ఒక బల్ల, కవల పార్టీ ఒక బల్ల. పాస్టరు లిండ్‌గ్రెన్ గారు "దేవుడి సృష్టిలో ఏదైనా సాధ్యమే" అంటూ కోడి వైపు చేరారు. ఆయన భార్య కవల పార్టీ. ఆదివారం నుంచి ఆయనకి ఇంట్లో కాఫీ పుట్టడం లేదు, మా ఇంటికొచ్చి తాగుతున్నారు.

ఉన్నమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ కవల ముక్క క్రాట్ గారు రాసిందేనా? ఆయన పేరు చూసి ఓర్వలేక మీ ఆఫీసులో ఏ గుమాస్తా అయినా రాసి అంటించాడా? మీరే అని నేననడం లేదు. మా నిల్స్ అంటున్నాడు.

ఇట్లు,
కోడి పార్టీ కార్యదర్శి హుల్డా

తా.క.: మా ఊళ్లో ఇంకా చాలామందికి ఆ పుస్తకం కావాలి. కోడి ఉన్నదే పంపండి. కోడి లేనిది వస్తే తిప్పి పంపేస్తాం.

~

చికాగో
మార్చి

క్విస్టాడ్ అమ్మగారికి, మనసు కష్టపెట్టుకున్న స్ప్రాట్లింగ్ రాయునది.

కవల సోదరుడు ఎక్కడ దాక్కున్నాడని అడిగారు. పదకొండో ప్రకరణం చూడండి. ఆగ్డెన్ ఒకే పొద్దున అద్దం ముందు రెండుసార్లు గడ్డం గీసుకుంటాడు. ఒక మనిషికి ఒక పొద్దున రెండు గడ్డాలు ఎలా వస్తాయమ్మా? ఇద్దరున్నారనేగా! ఎంత కష్టపడి దాచిన సూచన! దేశం మొత్తం మీద ఒక్క పాఠకుడైనా పట్టుకున్నాడా?

సరే, ఇక ఆ గొడవే లేదు. క్రాట్ పుస్తకాలు ఇక వేయనని మా యజమాని తేల్చి చెప్పేశాడు. పత్రికలన్నీ చాకిరేవు పెట్టాయి. క్రాట్ కూడా కలం కింద పెట్టేశాడని విన్నాను. మంచి పనే చేశాడు. మీ పాస్టరు గారి మాటలో ఏదో ఉంది. లేకపోతే ఏమీ లేదు. కానీ వ్యాపారం వ్యాపారమే.

ఇట్లు,
ఎల్‌వుడ్ స్ప్రాట్లింగ్

తా.క.: మంచి పేరున్న రచయిత అపరాధ పరిశోధన నవల ఒకటి ఊరికే పంపుతున్నాను. అందులో అన్నీ సరిగ్గా సరిపోతాయి.

~

ఆల్డర్ ఫాల్స్
మార్చి

స్ప్రాట్లింగ్ గారికి, ఆదుర్దాగా హుల్డా రాసేది.

మీరు పంపిన మంచి పుస్తకం చదివాను. అన్నీ సరిపోయాయి. మా ఆయన నిద్రపోయాడు.

మీకో సంగతి చెప్పాలి. రంపం మిల్లులో ఎడమకాలు పోయినప్పుడు మా నిల్స్‌కి మాట కూడా పోయింది. కిటికీ దగ్గర కూర్చుని మంచు కేసి చూసేవాడు. పెట్టింది తినేవాడు, అంతే. ఆ చలికాలం ఇల్లు ఇల్లులా లేదు, నాకు భయం వేసేది. ఏదో ఒక చప్పుడు ఉంటుందని క్రాట్ గారి 'ఎడమ జోడు రహస్యం' పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో ప్రకరణంలో డిటెక్టివ్ ఫిచ్ మారువేషంలో తన ఇంటికే వెళ్లి, తన భార్యనే "మీ ఆయన లేడా?" అని అడిగితే, ఆవిడ లేడంటే, నిరాశగా వెనక్కి వెళ్లిపోతాడు. నిల్స్ ఒక్కసారిగా "ఒరేయ్, ఒరేయ్, నీకు బుద్ధుందట్రా!" అని అరిచాడు. ఎన్ని నెలల తర్వాతో మా ఇంట్లో ఆయన గొంతు వినిపించింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చి వచ్చి మూడో ప్రకరణం అందుకున్నాను.

మంచి రచయిత అన్నీ తనే చెప్పేస్తాడండీ. క్రాట్ గారు చదివేవాడికి కూడా పని మిగులుస్తారు. ఆయన్ని తిడుతూ, సరిదిద్దుతూ, వాదిస్తూ మా నిల్స్ మళ్లీ మనిషయ్యాడు. ఆయన మానేస్తే మేమేం కావాలి?

మీ ఉత్తరం చదివి వినిపించాక నిల్స్ మళ్లీ కిటికీ కేసి తిరిగాడు. ఆ చలికాలం మళ్లీ వచ్చిందనుకున్నాను. అంతలో అన్నాడు:

"ఏమే హుల్డా, ఆ చికాగో ఉత్తరాలన్నీ ఇలా పట్రా."

తెచ్చాను.

"రెండుసార్లు గడ్డం గీసుకున్న సంగతి నీకు గుర్తుందా?"

"లేదు."

"నాకూ లేదు. ఎవరికుంటుందే? రాసినవాడికే ఉంటుంది. గుమాస్తాకి ఎందుకంత కడుపుమంట? ఇది చూడు, 'ఇందులో ఏదో ఉంది. లేకపోతే ఏమీ లేదు.' ఇది ఫిచ్ మాట కదూ? ఈయన రెండు ఉత్తరాల్లోనూ రాశాడు. ఇప్పుడా కోళ్ల ఫారం తియ్యి."

తీశాను. "కోడి మేత ముట్టకపోతే అందులో ఏదో ఉంది, లేకపోతే ఏమీ లేదు" అని స్పష్టంగా ఉంది.

"క్రాట్, ఈ గుమాస్తా, కోళ్ల పుస్తకం రాసినవాడు, ముగ్గురూ ఒకడేనే!" అని నిల్స్ బల్ల మీద చరిచాడు. పాస్టరు గారి కాఫీ ఒలికిపోయింది.

క్రాట్ గారూ, దొరికిపోయారు. మీ హంతకులంతా ఆఖరి పేజీలో ఊడిపడతారు. మీరు మాత్రం మొదటి ఉత్తరం నుంచీ మా ఎదురుగానే ఉన్నారు. ఇంత పకడ్బందీ కథ మీరెప్పుడూ రాయలేదు, ఇదీ మీకు తెలియకుండానే రాశారు. శిక్ష ఏమిటంటే, కలం పైకి తీయాలి. ఇది నిల్స్ తీర్పు, నా ప్రార్థన.

ఇట్లు,
హుల్డా

తా.క.: కోళ్ల గురించి మీకు నిజంగా తెలుసా? మా పెట్టకి ఆముదం పోశాం. కోలుకుంది. కానీ మమ్మల్ని అదోలా చూస్తోంది.

~

చికాగో
ఏప్రిల్

హుల్డా అమ్మగారికి, నిల్స్ గారికి, నేరస్థుడు రాసేది.

ఒప్పుకుంటున్నాను. పారిపోదామంటే బ్రెజిల్ ఓడ కూడా లేదు. నా పుస్తకాల మీద వచ్చే తిట్లన్నిటికీ ఇన్నేళ్లూ ఈ బల్ల దగ్గర కూర్చుని నేనే క్షమాపణలు రాస్తూ వచ్చాను. మెచ్చుకోళ్లు ఇప్పుడొచ్చాయి, కోళ్లతో సహా. మీ ఉత్తరం చదివి చాలాసేపు మరో ఫిర్యాదు విప్పలేకపోయాను. ఫిచ్ తన ఇంటి తలుపే కొట్టి వెళ్లిపోయే ఘట్టం రాసి, ఇది మరీ బాగాలేదని కొట్టేయబోయాను. కొట్టేయనందుకు ఇప్పుడు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మీ ఊరి నుంచీ, చుట్టుపక్కల నుంచీ కోడి ఉన్న ప్రతులే కావాలని ఉత్తరాలు కుప్పలుగా వస్తున్నాయి. నిన్న మా యజమాని నా బల్ల దగ్గర నిలబడి, "స్ప్రాట్లింగ్, ఆ క్రాట్ అనేవాడు ఎక్కడుంటాడో కనుక్కోవయ్యా, ఇంకో నవల కావాలి" అన్నాడు. కనుక్కుంటానన్నాను. వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నాను.

కొత్త నవల మొదలైంది. ఫిచ్‌కి విశ్రాంతి ఇచ్చాను. ఈసారి డిటెక్టివ్ కిటికీ దగ్గర కుర్చీలోంచి కదలకుండానే, భార్య చదివి వినిపించే ఉత్తరాలతో నేరస్థుణ్ణి పట్టేస్తాడు. ఎడమకాలు ఉండదు. ఆయనకి నిల్స్ అని పేరు పెట్టుకోవచ్చా?

ఇట్లు,
లియాండర్ క్రాట్
(మా యజమానికి మాత్రం ఎల్‌వుడ్ స్ప్రాట్లింగే)

తా.క.: మొదటి అయిదు ప్రకరణాలు జతచేశాను. హంతకుడెవరో నిల్స్ గారికి తడితే వెంటనే ఒక కార్డుముక్క రాయించండి. నాకింకా తెలీదు.