వాన నేలను తాకేలోగా

జనవరి 13
ఈ వారంలో గడ్డకట్టే వాన పడొచ్చని రేడియో. బడిలో నా అయిదేళ్ల పిల్లలకు అదేమిటో చెప్పాలి. మంచు వీళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నీళ్లలా పడి, తగిలిన చోటల్లా గాజులా అంటుకుపోయేదాన్ని ఎలా చెప్పను?

వాళ్లలో అనైస్ ఒకటే అడిగింది, మదాం, మా నాన్న వెళ్లాలా అని. వాళ్ల నాన్న రెజాన్ లైన్‌మన్. ఐసు బరువుకు కరెంటు తీగలు తెగితే స్తంభాలెక్కేది ఆయనే. పోయిన చలికాలం జారిపడి, కాలికి కట్టుతో కొన్నాళ్లు మంచాన ఉన్నాడు. తెలియదమ్మా అన్నాను. పిరికి జవాబు.

జనవరి 14
ఆట కనిపెట్టాను. పిల్లలంతా మంచు రేకులు. ఎర్ర దుప్పటి వెచ్చగాలి, దాని కింద దూరి చుక్కలుగా కరగాలి. తర్వాత నీలం దుప్పటి, చల్లగాలి. అది పొడుగ్గా ఉంటే దారిలోనే గడ్డకట్టి, ఐసు గింజల్లా నేల మీద ఎగిరెగిరి పడాలి. పొట్టిగా ఉంటే గడ్డకట్టే టైముండదు, కింద పరిచిన చాప తాకాక అంటుకుపోవాలి. అదే గడ్డకట్టే వాన.

తల ప్రాణం తోకకొచ్చింది. కానీ పిల్లలకు అర్థమైంది.

అనైస్ అందరి కోట్లూ తెచ్చి నీలం దుప్పటికి వరసగా చేర్చింది, తలుపుదాకా. ఇంక ఎవరూ అంటుకోరు, అందరూ గింజలైపోతారు, నాన్న ఇంట్లోనే ఉంటాడు అంది.

జనవరి 15
వాన రాలేదు.

జనవరి 19
అనైస్ వాళ్లమ్మ ఫోన్. అనైస్ బేస్‌మెంట్‌లో ఫ్రీజర్ మూతనూ కిటికీనీ తెరిచి పెట్టిందట. ఆకాశానికి చల్లగాలి పంపుతున్నా అందట. దుప్పి మాంసం సగం కరిగిపోయింది, బడిలో మీరు నేర్పేది ఇదేనా అని నన్ను దులిపేసింది. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

జనవరి 20
రెజాన్‌ని బడికి పిలిచాను. స్తంభాలెక్కే నడుం పట్టీతో, తాళ్లతో వచ్చాడు. ఒసేయ్ పిల్లా, నువ్వు ఆకాశాన్ని చల్లార్చేలోపు మనం పస్తులుంటాం అన్నాడు. అనైస్ నవ్వలేదు. మళ్లీ జారితే అని అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేదు. జారొచ్చు, అందుకే ఇప్పుడు రెండు తాళ్లు, కింద నాతో పనిచేసే గస్తోన్ మామ కాపలా, వాన ఆగేదాకా ఎవరం ఎక్కం అన్నాడు. ఆ తాళ్లను పిల్లలంతా లాగి చూశారు. అనైస్ అందరికన్నా ఎక్కువసేపు లాగింది.

జనవరి 27
పొద్దున గడ్డకట్టే వాన. పదింటికి ఆగింది. రెజాన్ తన ట్రక్కులో వెళ్లాడు.

మధ్యాహ్నం ఆటలో అనైస్ కోట్లు తేలేదు. తనే చుక్క అయింది. చాప మీద చేతులు చాచి అంటుకుపోయింది. ఇక లేవమ్మా అంటే, నాన్న వచ్చి ఊడదీస్తాడు అంది, కళ్లు మూసుకుని.

పక్కన నేనూ పడుకున్నాను.

మూడింటికి బయట ట్రక్కు హారన్. ముందు లేచింది నేనే.