పట్టు తప్పిన మర

జులై 2

మళ్ళీ వాన. వ్యాన్ అద్దాలు ఎక్కించే నడిపాను. ఇంటికొచ్చేసరికి తల పగిలిపోతోంది. మా ఆవిడ కళ్ళజోడు మార్పించుకోమంది. కళ్ళజోడు కాదు. ఏమిటో తెలీదు. కూర్చోబుద్ధి కాదు, పడుకోబుద్ధి కాదు.

జులై 4, ఉదయం

డయాలసిస్ పేషెంట్లని ఆస్పత్రికి చేర్చే ట్రిప్పు. ఎప్పటిలాగే లెక్కల మాస్టారు ముందు సీట్లో, నా పక్కన. టైలరమ్మ వెనకాల. మా వ్యాన్‌కి ఇంజన్ ముందు సీట్ల మధ్యే, ఓ రేకు మూత కింద ఉంటుంది. కాళ్ళకి వెచ్చగా ఉంటుందని టైలరమ్మ ఆ మూత వెనక సీటు ఎవరికీ ఇవ్వదు.

డయాలసిస్ అయ్యాక తలనొప్పి మామూలేగానీ ఈమధ్య వెళ్ళేటప్పుడే వచ్చేస్తోందని ఆవిడ అంది. మన జబ్బు అడ్వాన్సు తీసుకోవడం మొదలుపెట్టిందన్నారు మాస్టారు. అందరం నవ్వాం.

స్టార్ట్ చేయగానే ఇంజన్ టిక్ టిక్ మంటోంది. వేడెక్కాక ఆ చప్పుడు ఆగిపోతోంది. బావమరిదికి ఫోన్ చేశాను. ట్యాపెట్ సౌండ్, అన్ని ఇంజన్లకీ ఉండేదే, పట్టించుకోకు అన్నాడు. పోయిన నెల ఇంజన్ విప్పి బిగించింది వాడే. మెకానిక్కు ఇంటివాడైతే అదో సుఖం, మళ్ళీ అడగబుద్ధి కాదు.

జులై 6

మాస్టారు దిగలేదు.

ఆస్పత్రి పోర్టికోలో బండి ఆపి తలుపు తీశాను. కునుకు పట్టిందనుకున్నాను. భుజం తట్టాను. తల నా చేతి మీదకి వాలిపోయింది. ఎవరో వీల్‌చెయిర్ తెచ్చారు. తోసింది నేనేనట, నాకు తెలీదు. వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి ఏం చెప్పానో కూడా తెలీదు.

అదే రోజు, సాయంత్రం

ఆక్సిజన్ పెట్టారు. కళ్ళు తెరిచారు. మనుషుల్ని గుర్తుపడుతున్నారు.

ఇంట్లో బొగ్గుల కుంపటి గానీ, జనరేటర్ గానీ వాడతారా అని డాక్టరు ఆ అమ్మాయిని అడిగాడు. లేదంది. తలుపులన్నీ మూసి పడుకుంటారా అని అడిగాడు. లేదంది. రక్తంలో పొగ తాలూకు విషవాయువు కనిపిస్తోంది, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి అన్నాడు.

గుమ్మం దగ్గర నేను నిలబడి ఉన్నాను. నాకు తెలిసిపోయింది. ఆ టిక్ టిక్, నా తలనొప్పి, టైలరమ్మ తలనొప్పి, వానకి ఎక్కించిన అద్దాలు.

మెట్లు దిగి వచ్చేశాను.

జులై 7

చెప్పలేదు.

జులై 8

బండి రిపేరని టైలరమ్మకి ఆటో మాట్లాడి పంపాను. అద్దాలన్నీ దించుకుని మెకానిక్ షెడ్డుకి పోయాను. మాస్టారి సంగతి చెప్పి, మేనిఫోల్డు విప్పమన్నాను. బావమరిది మొహం మాడిపోయింది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి టార్చి తెచ్చాడు.

ఇంజన్‌లోంచి పొగని సైలెన్సర్ వైపు తీసుకుపోయే గొట్టం అది. దాన్ని ఇంజన్‌కి అదిమి పట్టడానికి వరసగా స్టడ్లు ఉంటాయి, తల లేని బోల్టులు. ఒకటి లోపలే విరిగిపోయి ఉంది. దాని పక్కది, స్పానర్ పెట్టకుండానే, చేత్తో లాగితే వచ్చేసింది. పన్ను ఊడినట్టు. లోపల బొక్కలో థ్రెడ్డు లేదు, మరంతా అరిగిపోయింది. సందు మూయడానికి నల్లటి పేస్టు కూరి ఉంది. గొట్టానికీ ఇంజన్‌కీ మధ్య ఉండే గాస్కెట్ మీద, పొగ బయటికి కారిన మసి చార.

నేను వాడి వైపు చూశాను. వాడు పేస్టు వైపు చూస్తున్నాడు.

"తెలుసు బావా" అన్నాడు.

"తెలిసే బిగించావా?"

"సాయంత్రానికల్లా బండి కావాలని నెత్తి మీద కూర్చున్నావ్. మర పట్టలేదు, ఇంకో రెండు రోజులు పడుతుందంటే ఆగేవాడివేనా?"

ఆగేవాణ్ణి కాదు. చేతిలో స్పానర్ నేలకేసి కొట్టి బయటికి నడిచాను. ఎటు వెళ్ళానో. ఒకే మందుల షాపు ముందు నుంచి రెండు మూడుసార్లు వెళ్ళినట్టున్నాను. షాపువాడు ఏం కావాలని కూడా అడిగాడు.

జులై 9

సంగతంతా చెబితే మా ఆవిడ తమ్ముణ్ణి వెనకేసుకొస్తుందనుకున్నాను. వాడు చేసింది తప్పే అంది. ఆ ముక్క వినగానే నాకు ఎక్కడలేని బలం వచ్చి వాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. కాసేపు విని, చేతిలో బట్టలు మంచం మీద పడేసింది.

"వాడి మీద అరవడానికి నోరుంది. మాస్టారి అమ్మాయికి చెప్పడానికి లేదా?"



జులై 10

చెప్పాను. ముందు డాక్టరుకి, తర్వాత ఆ అమ్మాయికి. ఆస్పత్రి కారిడార్లో, నీళ్ళ ఫిల్టరు పక్కన. పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకొచ్చిందో, అన్నీ. రెండు రోజుల పని ఒక్క పూటలో చేయించింది నేనేనని కూడా.

తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

ఆ రోజు సాయంత్రమే అన్నాను. ఆమె గ్లాసు నింపుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కణ్ణుంచి టైలరమ్మ ఇంటికి. ఆవిడ మెషిన్ ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక కుట్టు చివరిదాకా కుట్టి, పళ్ళతో దారం తెంపి, అప్పుడు తలెత్తింది. పోయిన వారం ఇక తన పని అయిపోయిందనుకుని, గిరాకీ బట్టలన్నీ చెల్లెలికి అప్పజెప్పేసిందట. మొన్న ఆటోలో వెళ్తే తలనొప్పి లేదట. ఎందుకా అనుకుందట.

"మాలాంటివాళ్ళకి ఏ నొప్పి వచ్చినా జబ్బు మీదకి తోసేస్తాం బాబూ. అడగం" అంది.

రక్తపరీక్ష చేయించుకోమని బతిమాలాను. సరేనంది. బండి బాగయ్యాక వస్తారా అని అడగకుండానే వచ్చేశాను.

జులై 11

షెడ్డు. బావమరిదికీ నాకూ మధ్య పని మాటలే. స్పానర్ అంటే స్పానర్, ఆయిల్ అంటే ఆయిల్.

విరిగిన స్టడ్డుకి నిన్ననే ఆయిల్ కొట్టి నానబెట్టాడట. దాని మొండికి ఒక నట్టు వెల్డింగ్ చేశాడు. ఎర్రగా కాగి చల్లారాక స్పానర్ వేసి, ముందుకీ వెనక్కీ, పసిపిల్లని ఉయ్యాల ఊపినంత మెల్లిగా తిప్పాడు. కిర్రుమంది. కదిలింది. నా గుండె కూడా. ఇంకాస్త తిప్పితే నట్టు ఒక్కటే ఊడి చేతికొచ్చింది.

వాడు బూతు మాట అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

జులై 12

రెండోసారి వెల్డింగ్‌కి విరిగిన ముక్క బయటికొచ్చింది. ఇక థ్రెడ్డు పోయిన బొక్క ఒక్కటే మిగిలింది.

బొక్కని కాస్త పెద్దది చేశాడు. డ్రిల్లు కొసకి గ్రీజు పూశాడు, ఇనప రజను లోపల పడకుండా. కొత్తగా మర కోసే ట్యాపు పెట్టాడు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. తీసి తుడిచి మళ్ళీ. టార్చి పట్టుకుని నేను. చెయ్యి లాగుతోంది, మార్చుకోలేదు. ఆ కోసిన మరలోకి స్ప్రింగులాంటి స్టీలు తీగచుట్టని తిప్పి దించాడు. ఇక అదే కొత్త థ్రెడ్డు, పాతదానికంటే గట్టిది.

మధ్యలో నాకు ఫోన్ వచ్చింది. ఎక్కడున్నావ్, బండి ఎప్పుడొస్తుందని ఎవరో. తొందరేమీ లేదన్నాను. బావమరిది తల తిప్పి చూశాడు.

కొత్త స్టడ్లు, కొత్త గాస్కెట్. మధ్య నుంచి చివరలకి కొంచెం కొంచెంగా, బిగువు సరిపోయిందని టార్క్ రెంచ్ క్లిక్ మనేదాకా. ఇంజన్ మూతకి రబ్బరు కూడా కొత్తది వేశాడు. పోయినసారి ఆ క్లిక్ వినలేదు, అందుకే నిద్ర పట్టేది కాదన్నాడు. ఇన్నాళ్ళూ మా ఇద్దరికీ నిద్ర లేదన్నమాట, చెరో ఇంట్లో.

జులై 14

పొగ కొలిచే చిన్న మీటరు కొన్నాను. టెస్ట్‌కి ఒక్కణ్ణే పోదామనుకున్నాను. బావమరిది వచ్చి మాస్టారి సీట్లో కూర్చున్నాడు. దిగమన్నాను. దిగలేదు. వెనక తలుపు చప్పుడైంది. మా ఆవిడ ఎక్కి టైలరమ్మ సీట్లో కూర్చుంది. అద్దాలన్నీ ఎక్కించమంది.

ఆస్పత్రి దాకా పోయి వచ్చాం. మీటరు సున్నా దాటలేదు. బండి దిగాక కూడా ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం, ఎవరికి తల నొస్తుందో అని.

జులై 16

టైలరమ్మ వచ్చింది. రక్తం బాగానే ఉందట. అదే సీట్లో కూర్చుంది. మీటరు తన ఒళ్ళో పెట్టమంది.

జులై 18

మాస్టారు వచ్చారు. ఆయనే పట్టుబట్టారట. వాళ్ళమ్మాయి కూడా ఎక్కి వెనక కూర్చుంది. దారంతా తండ్రి మెడ వైపే చూసింది.

తిరిగొస్తుంటే ఆ అమ్మాయి నిద్రపోయింది. బండి పక్కకి ఆపి లేపాను. రాత్రంతా నిద్ర లేదట, అంతే. మీటరు సున్నా. బయల్దేరాను. మళ్ళీ తల వాల్చింది. మళ్ళీ ఆపాను, లేపాను. మూడోసారి బ్రేకు మీద కాలు పెడుతుంటే మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"పడుకోనీవయ్యా" అన్నారు.

నడిపాను.