లొల్లి కాదు

బాపూ,

నీ సంవత్సరీకం అయిపోయి వారమైంది. సిరిసిల్లలో మన ఇల్లు అమ్మకానికి పెట్టాం. అమ్మ ఇక కోరుట్లలో నా దగ్గరే ఉంటుంది.

పొద్దున ఇల్లు చూడటానికి ఆలుమగలు వచ్చారు. వాళ్లకు చాయ్ పెట్టే సంగతి వంటింట్లోంచి అమ్మ, వాకిట్లోంచి నేను మాట్లాడుకుంటుంటే ఆ అమ్మాయి కంగారుపడింది.

"ఇల్లు అమ్ముడు ఇష్టం లేక లొల్లి పెట్టుకుంటున్నరా?"

అమ్మ నవ్వింది. "లొల్లి గాదు బిడ్డా. ముప్పై ఏండ్లు గీ ఇంట్ల సాంచాల సప్పుడుల బతికినం. మంచిగ మాట్లాడినా లొల్లి తీర్గనే ఇనబడ్తది."

నిజమే. ఆ మరమగ్గాల మోతలో చిన్నప్పుడు నువ్వు నాకు కథలు చెప్పింది కూడా కేకలేసే కదా!

చివరికి నీ మరమగ్గాల గది చూపించాం. మగ్గాలు ఎప్పుడో తుక్కు కింద పోయాయి. నేలలో బోల్టుల గుంతలే మిగిలాయి.

"గీ గుంతలేంది?" అని అడిగిందా అమ్మాయి.

అమ్మ వాటిని చూస్తూ ఏదో చెప్పింది.

"ఏమన్నరమ్మా? ఇనబడలే."

అమ్మ చాయ్ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పక్కనే నిలబడ్డ నాకు కూడా వినపడలేదు బాపూ.