ఇరవై ఒక్క ట్యులిప్ గడ్డలు, ఒక ఉల్లిపాయల వలసంచీ

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ ఊరిలో అపార్ట్‌మెంట్ 14-బి కాపురస్తుడను, పద్మనాభంగారి కుమారుడను, ఇరవై ఏడేళ్లవాడను, సాఫ్ట్‌వేర్ జీవనం గలవాడను అయిన వేమూరి చైతన్య అను నేను, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, ఒక కప్పు కాఫీ తప్ప మరే మత్తూ లేకుండా రాసుకున్న వీలునామా. ప్రాజెక్టు జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాకు మారినందున వచ్చే శనివారంతో మిషిగన్‌లో నా ఆయుష్షు తీరిపోతుంది. "రెండు గంటల ఫ్లైట్‌కి వీలునామా ఏంటి బాబూ" అని కింది ఇంటి రేణు నవ్వింది. నవ్వినవారే ఇందులో ప్రధాన లబ్ధిదారు అని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

1. ఆస్తి వివరం: రెండేళ్ల కిందట నేనూ రేణూ కలిసి ఆమె ఇంటి పేషియో అరుగు ముందు నాటిన ట్యులిప్ గడ్డలు. హద్దులు: తూర్పున రేణు సైకిలు, పడమర చెత్తడబ్బా, ఉత్తరాన ఏసీ మిషను, దక్షిణాన ఎవరిదో తెలియని బార్బెక్యూ పొయ్యి. పైపులు మార్చడానికి అక్కడ తవ్వుతామని జూన్‌లో ఆఫీసువాళ్లు నోటీసు అంటించారు. ఆకులు పండేదాకా ఆగి, ఇరవై ఆరు గడ్డలు తీసి, మట్టి దులిపి, నీడన ఆరబెట్టి, గాలి ఆడాలని చిన్న ఉల్లిపాయలొచ్చిన వలసంచీలో పోసి వంటింట్లో మేకుకు తగిలించాను. సంచీ ఎంపిక నాదే. తప్పు ఒప్పుకుంటున్నాను.

2. రూమ్మేటు రఘువీర్‌కు నా రైస్ కుక్కర్. ఆగస్టులో ఒక ఆదివారం ఇతడు సదరు సంచీలోంచి ఐదు గడ్డలు తీసి సాంబారులో వేశాడు. చేదుగా ఉందేమిటంటే "ఆర్గానిక్ రా, అట్లనే ఉంటది" అన్నాడు. మర్నాడు ఇంట్లో ముగ్గురమూ ఆఫీసుకు సెలవు పెట్టాం. కావున సాంబారు గిన్నెపై ఇతనికి గానీ, ఇతని వారసులకు గానీ ఎట్టి హక్కూ లేదు.

3. మిగిలినవాటిలో ఇరవై గడ్డలు రేణుకు సర్వహక్కులతో. నేల గడ్డకట్టకముందే, జానెడు లోతున, మొన పైకి ఉండేలా నాటవలెను. ఉడుతలకు ఇందులో వాటా లేదు. మొదటిసారి ఆమె అన్నీ తలకిందులుగా పెట్టి, "అవే దారి వెతుక్కుంటాయిలే" అంది. ఒక్కొక్కటీ నేనే తిప్పాను. రెండు గంటలు పట్టింది. నేను తొందరపడలేదు.

4. ఒక్క గడ్డ నా వెంట వస్తుంది. జార్జియా చలి ట్యులిప్‌కు చాలదట, పన్నెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలట. పక్కన ఆపిల్ పండ్లుంటే మొగ్గ లోపలే చచ్చిపోతుందట. ఆపిల్స్ మానేస్తున్నాను. ఏప్రిల్‌లో పూస్తే రేణుకు ఫోన్ చేస్తాను. పూయకపోయినా చేస్తాను.

5. ఈ రెండేళ్లలో ఆమెతో ఎరువు గురించి మాట్లాడాను, ఉడుతల గురించి మాట్లాడాను. చెప్పవలసినది చెప్పలేదు. అదికూడా ఈ వీలునామా కింద ఆమెకే చెందును.

ట్రాయ్, 2011 అక్టోబర్ 17, సోమవారం.
(సంతకం) వేమూరి చైతన్య

సాక్షులు:
రఘువీర్ (చదివాను. సాంబారు తప్పు సంచీదే.)
ఆంజనేయప్రసాద్, మూడో రూమ్మేటు (ఆ సాంబారు రెండుసార్లు వేయించుకున్నవాడిని.)

ప్రధాన లబ్ధిదారు సాక్షి సంతకం చేయరాదని ఎంత చెప్పినా వినక, పెన్ను లాక్కుని రాసినది:
"ఇరవై గడ్డలూ తలకిందులుగానే పెడతా. వచ్చి తిప్పు. రేణు."