మిర్యాలగూడకు వెళ్లే ముందు రాసిన వీలునామా

నకిరేకంటి సిమియోను అను నేను, బి.ఏ., వయస్సు యాభై రెండు, సూర్యాపేటలో ఉపాధ్యాయుడను. ఒంట్లో జ్వరం లేదు. మతి స్థిమితంగా ఉంది. ఇది రాయమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బెదిరించినవారు ఉన్నారు, వారు కోరినది ఇది కాదు. నా మరణానంతరం అమలు కావలసిన ఏర్పాట్లు ఈ కింద రాస్తున్నాను.

సోమవారం మిర్యాలగూడ కోర్టులో నేను సాక్ష్యం చెప్పాలి. మొన్న బడి గేటు దగ్గర దొర మనిషి ఒకడు నన్ను నిలబెట్టి అన్నాడు: "మిర్యాలగూడ దాక తొవ్వ మంచిగ లేదు సారూ. నర్సమ్మ పాయె. ఇగ మీరన్న జర పైలం." తిరిగి రాకపోవచ్చు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

1. ముందుగా, ఆస్తి కానిది. నేను లేకపోతే ఈ మాటలు కోర్టులో చదవవలెను. ఈ యేడు వేసవి సెలవుల్లో నా భార్య సుగుణ, మిషన్ దవాఖానలో నర్సు, ఒక కాన్పు కోసం కోదాడ దారిలోని ఎర్రకుంట తండాకు వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అక్కడ దొర కిషన్‌రావు కల్లంలో సోమ్లా అనే కూలి మనిషి శవం ఉంది. ఎండదెబ్బ అన్నారు. సుగుణ శవం తల ఎత్తి నాకు చూపింది. వెనక పుర్రె పగిలి ఉంది. రెండు మణికట్లకూ తాడు ఒరుపులు. దొర వెట్టికి పిలిస్తే సోమ్లా, "వెట్టి ఖతమైంది దొరా. కూలి ఇస్తే వస్త" అన్నాడట. అందుకు దొర అతన్ని కట్టేసి కొట్టించాడు. కొట్టించడం అతని భార్య సాలి చూసింది. గాయాలు నేను చూశాను.

2. నా శరీరం. ఆ తరువాతి ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయంలో, అందరూ జ్వరాలు తగ్గినందుకూ పంటలు పండినందుకూ స్తోత్రాలు చెప్పాక, సుగుణ లేచి ఈ సంగతి చెప్పింది, దొర పేరుతో సహా. గుడి ఉన్న స్థలం దొర తండ్రి ఇచ్చినది. మరుసటి వారం పాస్టరుగారు, ప్రభువు న్యాయాధిపతి ముందు మౌనంగా నిలిచాడని ప్రసంగించారు. సుగుణ కూర్చున్నచోటు నుంచే అడిగింది: "ఆయన తన కోసం మాట్లాడలే అయ్యగారూ. పక్కోళ్ల కోసం ఎన్నడు ఊకున్నడు?" వెనక ఎవరో నవ్వారు. కమిటీ ఆమెను వెలివేసింది. దవాఖాన పని పోయింది. జూలైలో జ్వరంతో చనిపోయింది. సమాధుల తోట గేటుకు తాళం వేశారు. గోడ బయట పూడ్చాను. నన్నూ అక్కడే, ఆమె పక్కన పూడ్చవలెను. కమిటీ ఎప్పుడైనా మనసు మార్చుకుని గోడ జరిపి మమ్మల్ని లోపలికి కలుపుకుంటామంటే ఒప్పుకోవద్దు.

3. సంఘ పెద్ద యాకోబుగారికి నా గొడుగు. సుగుణను సమాధికి తీసుకుపోవడానికి బండి అడిగితే, "వానల ఎడ్లు తడుస్తయి సారూ" అన్నారు. ఎడ్లకు పట్టవచ్చు.

4. సుగుణ చెల్లెలు పుష్పకు, కోదాడలో టీచరు, సూర్యాపేట ఇల్లు, పుస్తకాలు, సుగుణ కాన్పుల పెట్టె చెందవలెను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. సుగుణ నీలం శాలువను నాతో శవపెట్టెలో పెడతానని ఏడుస్తుంది. వద్దు. అది ఉన్నిది. చలికాలం పుష్ప కప్పుకోవాలి. అక్క వంటలో ఉప్పు ఎక్కువని నేను అన్నందుకు పుష్పకు ఇప్పటికీ కోపం. ఎక్కువే ఉండేది. ఇప్పుడు ఏ కూరలోనూ చాలడం లేదు.

5. హార్మోనియం సంఘానికి, పిల్లలు పాడుకోవడానికి. ఇందులో కోపం లేదు. సుగుణ మాట్లాడిన తరువాత ఆదివారాల్లో సాక్ష్యాల సమయం తీసివేశారు. మళ్లీ పెట్టమని అడుగుతున్నాను. షరతు కాదు. అన్యాయాన్ని చూసి చెప్పడం భక్తుల పని కాదని కమిటీ తీర్మానించింది. అది చెప్పని నోటితో పాడే కీర్తనను దేవుడు వింటాడని నేను నమ్మను.

6. కోదాడ శివారులోని నా రెండెకరాల చెలక సాలికి చెందవలెను.

ఆరవ నిబంధన కొట్టివేయబడినది. ఈ ఉదయం చదివి వినిపిస్తే సాలి ఒప్పుకోలేదు. "చెలక తీసుకుంటే భూమి కోసం చెప్పిందంటరు సారూ. సోమారం నేను గూడ గాడ నిలవడాలె. నా మాట ఖరాబు చేయకుండ్రి." తండావాళ్లు భయపడి ఆమెను ఇన్నాళ్లూ ఆపారు. ఆమె కోర్టుకు వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. చెలక కూడా పుష్పకే చెందవలెను.

సాక్షి సంతకానికి సంఘంలో ఇద్దరిని అడిగాను. ఒకరికి కళ్లజోడు కనిపించలేదు. ఒకరి ఇంట్లో పెళ్లి ఉంది. వకీలు వీరేశంగారు ఒక సంతకం చేస్తున్నారు. రెండో సాక్షిగా తాను వేలిముద్ర వేస్తానని సాలి అన్నది. వీరేశంగారు "కీర్తిశేషుడు సోమ్లా భార్య" అని రాయబోతే ఆపింది. "గట్ల రాయకుండ్రి పటేలా. ఆయన పోలే. సంపిండ్రు." ఆమె చెప్పినట్టే రాయించాను.

పైదంతా చదువుకుని, వీరిద్దరి ఎదుట నా చేతితో సంతకం చేశాను.

సూర్యాపేట, 8 అక్టోబరు 1949, శనివారం.

(సంతకం) నకిరేకంటి సిమియోను

సాక్షులు:

1. వీరేశం, వకీలు, సూర్యాపేట. (సంతకం)

2. సాలి, దొర కిషన్‌రావు కల్లంలో చంపబడిన సోమ్లా భార్య, ఎర్రకుంట తండా. (వేలిముద్ర)